జుట్టు మాత్రలతో వచ్చే ఇబ్బందులు: ఏది ఏ మాత్రది, ఎప్పుడు కంగారు పడాలి

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో మీకూ తెలుస్తుంది. మీ వయసు 27. నడినెత్తి పలచబడుతోందని చర్మవ్యాధుల డాక్టర్ రోజుకు ఫినాస్టరైడ్ 1 ఎంజీ, మినాక్సిడిల్ 2.5 ఎంజీ రాశారు. రెండూ ఒకే రోజు మొదలుపెట్టి మూడు వారాలైంది. జుట్టు మునుపటికంటే ఎక్కువ రాలుతోంది. అప్పుడప్పుడూ గుండె దడ. సెక్స్ మీద ఆసక్తి తగ్గినట్టు అనిపిస్తోంది. నాలుగు నెలల్లో పెళ్లి. "ఆపేసినా పోదు" అని ఇంటర్నెట్‌లో చదివిన దగ్గర్నుంచి నిద్ర లేదు. ఆపేయాలా, పిల్లలు పుడతారా, మధ్యలో రెండు రోజులు మరిచిపోయిన మాత్రల సంగతేంటి అని అడిగారు.

నేను చర్మవైద్యుణ్ణి. 20 ఏళ్లుగా ఈ మాత్రలు రాస్తున్నాను. ఎనిమిదేళ్లు ఫినాస్టరైడ్ నేనే వేసుకున్నాను కూడా. అద్దం ముందు నిలబడి పడే బాధా తెలుసు, మాత్ర మొదలుపెట్టాక ఒంట్లో ప్రతి చిన్న మార్పునూ తడుముకుంటూ గడిపే మొదటి నెలా తెలుసు. మిమ్మల్ని చూడకుండా మీ మందు మార్చలేను, అది మీ డాక్టర్‌తోనే తేల్చుకోవాలి. అక్కడికి వెళ్లేలోపు దేనికి కంగారు పడాలో, దేనికి అక్కర్లేదో మాత్రం చెప్పగలను.

మీ కేసులో మొదటి చిక్కు, రెండు మందులూ ఒకే రోజు మొదలవడం. ఇంట్లో ఇద్దరు కొత్తవాళ్లు ఒకేరోజు దిగాక వస్తువు కనబడకపోతే ఎవర్ని అడుగుతాం? అందుకే నేను ఒకటి మొదలుపెట్టి, ఆరేడు వారాలు చూశాకే రెండోది కలుపుతాను. కొంతమంది డాక్టర్లు నాతో ఏకీభవించరు, త్వరగా ఫలితం కనబడితేనే పేషెంట్ నిలబడతాడంటారు. అదీ నిజమే. అయితే ఈ రెండు మందుల ఇబ్బందులూ చాలావరకు వేరువేరు దారుల్లో వస్తాయి కాబట్టి విడదీసి చూడొచ్చు. దడ, వాపు, తల తిరగడం, ఒంటి మీద వెంట్రుకలు మినాక్సిడిల్ వైపువి. కోరిక తగ్గడం, అంగస్తంభన ఇబ్బంది, వీర్యంలో తేడా, రొమ్ము నొప్పి, మనసు బాగోకపోవడం ఫినాస్టరైడ్ వైపువి.

జుట్టు ఎక్కువ రాలడం గురించి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే మీ మూడు కష్టాల్లో దీనికి భయపడాల్సిన పని లేదు. ప్రతి వెంట్రుకకూ కొన్నేళ్లు పెరిగే దశ, ఆ తర్వాత సుమారు మూడు నెలల విశ్రాంతి దశ ఉంటాయి. మినాక్సిడిల్ విశ్రాంతిలో ఉన్న కుదుళ్లను తొందరపెట్టి మళ్లీ పెరిగే దశలోకి నెడుతుంది. అప్పటికే పట్టు వదిలిన పాత వెంట్రుక రాలిపోతుంది. కొత్త నీరు వచ్చి పాత నీటిని తోసినట్టే. మామూలుగా ఇది రెండో వారం నుంచి ఎనిమిదో వారం దాకా నడుస్తుంది. మీరు ఆ రోజుల్లోనే ఉన్నారు. చాలామంది ఇక్కడే భయపడి మందు మానేస్తారు, రాలాల్సింది రాలిపోతుంది, రావాల్సింది రాదు. మూడు నెలలు దాటినా అదే ధాటిగా రాలుతుంటే అప్పుడు ఐరన్, థైరాయిడ్ చూడాలి. రెండు మూడు నెలల కింద పెద్ద జ్వరం వచ్చిందా, కడుపు మాడ్చుకుని బరువు తగ్గారా అన్నది అడగాలి. అలాంటి రాలడానికి ఫినాస్టరైడ్‌తో పనే లేదు.

ఇక దడ. మినాక్సిడిల్ పుట్టింది జుట్టు కోసం కాదు. 1979లో అమెరికాలో దీన్ని బీపీ మాత్రగా అనుమతించారు, అదీ వేరే మందులకు లొంగని తీవ్రమైన బీపీకి. రోజుకు 10 నుంచి 40 ఎంజీ దాకా వాడేవారు. వేసుకున్నవాళ్లకు ముఖం మీద, చేతుల మీద వెంట్రుకలు మొలవడం చూసి, అదే మందును నెత్తికి రాసుకునే ద్రావణంగా మార్చారు. అది 1988లో వచ్చింది. ఇప్పుడు మనం మళ్లీ మాత్రకే వచ్చాం, కాకపోతే బాగా తక్కువ డోసులో. జుట్టుకు మాత్ర రూపంలో వాడటం డాక్టర్ విచక్షణ మీద జరిగేదే తప్ప, అమెరికాలో ఆ మాత్రకు అనుమతి నేటికీ బీపీకే.

ఈ మందు రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. ఒత్తిడి తగ్గిందని గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, కిడ్నీలు ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. దడ, చీలమండల వాపు, పొద్దున్న కళ్ల కింద ఉబ్బు, చటుక్కున లేచినప్పుడు కళ్లు తిరగడం, అన్నీ ఆ ఒక్క పని నుంచి వచ్చేవే. తక్కువ డోసులో ఇవి ఎంతమందికి వస్తాయన్నదానికి 2021లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన ఉంది. 1404 మందిని చూశారు. 15 శాతం మందికి ఒంటి మీద అక్కర్లేని వెంట్రుకలు వచ్చాయి. తల తేలిపోయినట్టు ఉండటం 1.7 శాతం మందికి, నీరు పట్టడం 1.3 శాతం మందికి, గుండె వేగం పెరగడం 0.9 శాతం మందికి కనిపించాయి. ఇబ్బందుల వల్ల మందు మానేసినవాళ్లు మొత్తం మీద 1.7 శాతం. అంటే దడ అరుదే, కానీ ఉన్నదే.

కాబట్టి మీరు చేయాల్సింది ఊహించుకోవడం కాదు, లెక్కపెట్టడం. పొద్దున్న లేచాక, కాఫీ తాగకముందు, ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని మణికట్టు దగ్గర నాడి నిమిషం పాటు చూసుకోండి. బరువు కూడా రోజూ ఒకే వేళకు చూడండి. కదలకుండా కూర్చున్నప్పుడు నాడి మీ మామూలు కంటే 20 పెరిగినా, కొద్ది రోజుల్లోనే బరువు రెండు కిలోలకు పైగా పెరిగినా మినాక్సిడిల్ ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఛాతీలో నొప్పి, పడుకుంటే ఆయాసం, స్పృహ తప్పినట్టు ఉండటం, వీటిలో ఏది వచ్చినా ఫోన్ కూడా కాదు, నేరుగా ఎమర్జెన్సీకే. పెద్ద డోసుల్లో ఈ మందు గుండె చుట్టూ నీరు చేరేలా చేయగలదు, అందుకే దాని సమాచారపత్రంలో అంత గట్టి హెచ్చరిక ఉంటుంది. మీకు గుండె జబ్బు గానీ, ఇంకేదైనా బీపీ మందు గానీ ఉండి డాక్టర్‌కి చెప్పలేదా? ఈరోజే చెప్పండి. నాడి మామూలుగానే ఉండి, రాత్రి పడుకుని జబ్బుల గురించి చదివేటప్పుడే దడ వస్తుంటే అది మాత్ర పని కాకపోవచ్చు. ఆ తేడా మీకు చెప్పేది నాడి లెక్కే. డోసు సగానికి తగ్గిస్తేనే చాలామందికి సర్దుకుంటుంది.

ఒంటి మీద వెంట్రుకల విషయంలో మగవాళ్లు పెద్దగా ఫిర్యాదు చేయరు, గడ్డం ఒత్తుగా వచ్చిందని సంబరపడేవాళ్లూ ఉన్నారు. ఆడవాళ్లకు మాత్రం చెంపల మీద, నుదుటి పక్కన వచ్చే నూగు చాలా బాధ పెడుతుంది. మానేస్తే కొన్ని నెలల్లో పోతుంది. ఈ మందు వెంట్రుకల మీద ఎంత బలంగా పనిచేస్తుందో 2019లో స్పెయిన్‌లో అందరూ చూశారు. కడుపులో యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్ ముడిసరుకులో పొరపాటున మినాక్సిడిల్ కలిసిపోయి, ఆ సిరప్ తాగిన పసిపిల్లలకు ఒళ్లంతా వెంట్రుకలు వచ్చాయి. కాబట్టి ఈ సీసా గానీ మాత్ర గానీ పిల్లల చేతికి అందకుండా ఉంచాలి.

ఇప్పుడు అసలు భయానికి వద్దాం.

ఫినాస్టరైడ్ కథ డొమినికన్ రిపబ్లిక్‌లోని ఒక పల్లెలో మొదలైంది. అక్కడ కొందరు పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనిపించి, యుక్తవయసు వచ్చేసరికి మగవాళ్లుగా ఎదిగేవారు. వాళ్ల ఒంట్లో టెస్టోస్టెరాన్‌ను డీహెచ్‌టీ అనే బలమైన హార్మోన్‌గా మార్చే ఎంజైమ్ లోపించిందని 1974లో పరిశోధకులు ప్రచురించారు. వాళ్లకు పెద్దయ్యాక మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి చిన్నగానే ఉండేది, బట్టతల వచ్చేది కాదు. ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే మందే ఫినాస్టరైడ్. 1992లో 5 ఎంజీ మాత్ర ప్రోస్టేట్ వాపుకు, 1997లో 1 ఎంజీ మాత్ర మగవాళ్ల బట్టతలకు అమెరికాలో అనుమతి పొందాయి. ఒక ఎంజీ మాత్ర రక్తంలో డీహెచ్‌టీని సుమారు 70 శాతం తగ్గిస్తుంది. టెస్టోస్టెరాన్ తగ్గదు, పైగా ఓ 15 శాతం పెరుగుతుంది. దీనివల్ల మగతనం పోతుందన్న మాట అందుకే సరికాదు. అలాగని డీహెచ్‌టీ ఒంట్లో పనీపాటా లేని హార్మోనూ కాదు.

అనుమతికి ముందు జరిగిన పరీక్షల్లో ఏడాది పాటు సుమారు 950 మంది అసలు మాత్ర, దాదాపు అంతే మంది ఉత్తుత్తి మాత్ర వేసుకున్నారు. కోరిక తగ్గిందన్నవాళ్లు అసలు మాత్రలో 1.8 శాతం, ఉత్తుత్తి మాత్రలో 1.3 శాతం. అంగస్తంభన ఇబ్బంది 1.3, 0.7. వీర్యస్ఖలనంలో తేడా 1.2, 0.7. మానేసినవాళ్లకు ఇవి పోయాయి, మానకుండా కొనసాగించినవాళ్లలో కూడా చాలామందికి పోయాయి. వీర్యం పరిమాణం తగ్గడం వింతేమీ కాదు, అందులో కొంత భాగం ప్రోస్టేట్ నుంచే వస్తుంది.

భయం ఎంత పని చేస్తుందో చెప్పే ఇంకో లెక్క ఉంది. 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ప్రోస్టేట్ పేషెంట్లకు 5 ఎంజీ ఫినాస్టరైడ్ ఇచ్చి, సగం మందికి సెక్స్ ఇబ్బందులు రావచ్చని ముందే చెప్పారు, సగం మందికి చెప్పలేదు. చెప్పినవాళ్లలో 43.6 శాతం మంది ఇబ్బంది వచ్చిందన్నారు, చెప్పనివాళ్లలో 15.3 శాతం. నా తోటి డాక్టర్లు కొందరు ఈ లెక్క చూపించి "అంతా మీ మనసులోనే ఉంది" అని పేషెంట్‌ను పంపించేస్తారు. అది తప్పు. మూడు వారాల నిద్రలేమి, పెళ్లి టెన్షన్, పొద్దస్తమానం "తగ్గిందా, తగ్గిందా" అని పరీక్షించుకోవడం, ఇవి కోరికను తగ్గిస్తాయి, నిజమే. మాత్రా తగ్గించగలదు. ఏది ఎంతో బయట కూర్చుని చెప్పడానికి ఎవరికీ హక్కు లేదు.

"ఆపినా పోదు" అన్నది అబద్ధమా? కాదు. మామూలుగా మాత్ర ఆపిన రెండు వారాల్లో డీహెచ్‌టీ మళ్లీ పాత స్థాయికి వస్తుంది. ఇబ్బంది పడ్డవాళ్లలో ఎక్కువమంది కొన్ని వారాల్లో, కొద్ది నెలల్లో మామూలవుతారు. కానీ కొందరికి ఆపాక కూడా కొనసాగినట్టు ఫిర్యాదులు వచ్చాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో ఆ మాటను మందు సమాచారపత్రంలో చేర్పించింది. అలాంటివాళ్లు మొత్తంలో ఎంతమంది, ఎందుకు అలా అవుతుంది అన్నవి వైద్యశాస్త్రంలో ఇప్పటికీ తేలలేదు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో అలాంటివారు చాలా తక్కువ, కానీ ఉన్నారు. వాళ్లను అబద్ధాలకోరుల్లా చూడటం నాకు నచ్చదు. మీలాంటివాళ్లు అదొక్కటే చదివి, కోట్లమంది ఏ గొడవా లేకుండా వాడుతున్నది మరిచిపోవడమూ నాకు నచ్చదు. బాగున్నవాడు ఇంటర్నెట్‌లో కూర్చుని "నాకేమీ కాలేదు" అని రాయడు కదా.

సెక్స్ ఇబ్బంది కంటే నేను ఎక్కువ పట్టించుకునేది మనసు సంగతి. ఇదే ఎంజైమ్ మెదడులో మనసును నెమ్మదిగా ఉంచే ఒక స్టెరాయిడ్ తయారీలోనూ పాలుపంచుకుంటుంది. దిగులు, ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయన్న ఫిర్యాదులు ఏళ్లుగా ఉన్నాయి. 2024లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ ప్రతి ఫినాస్టరైడ్ ప్యాకెట్‌తో హెచ్చరిక కార్డు పెట్టించింది. 2025 మే నెలలో యూరప్ నియంత్రణ సంస్థ ఆత్మహత్య ఆలోచనలను ఈ మందు దుష్ప్రభావంగానే నిర్ధారించింది, మొత్తం వాడేవాళ్లతో పోలిస్తే ఫాయిదా ఎక్కువేనని కూడా చెప్పింది.

చాలా ఏళ్ల కిందట ఒక కుర్రాడు "దేనిమీదా మనసు నిలవట్లేదు సార్" అంటే, పరీక్షల రోజులు కదా అని తేల్చేసి జుట్టు ఫొటోలు చూసుకుంటూ కూర్చున్నాను. రెండు నెలలకు వాళ్ల అన్నయ్య వెంటబెట్టుకొచ్చాడు, అతను అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. మాత్ర ఆపించి మానసిక వైద్యుడి దగ్గరికి పంపాను, తేరుకున్నాడు. మాత్ర వల్లేనా అంటే చెప్పలేను. అడగకపోవడం మాత్రం నా తప్పే. అప్పట్నుంచి మొదటి మాత్ర రాసేముందే ఇదివరకు డిప్రెషన్ వచ్చిందా అని అడుగుతాను. వచ్చి ఉంటే ఈ మందు జోలికి పోకుండానే చూస్తాను. మీకు కారణం లేని దిగులు గానీ, బతకడం ఎందుకు అనిపించడం గానీ ఉంటే ఎవర్నీ అడగక్కర్లేదు, ఫినాస్టరైడ్ ఆరోజే మానేసి, ఇంట్లో ఒకరికి చెప్పి, డాక్టర్‌ని కలవండి. ఈ ఒక్క విషయంలో "ఇంకో వారం చూద్దాం" అనేది లేదు.

ఆపాలా వద్దా? మీరు నా పేషెంట్ అయితే ఇలా చేసేవాణ్ణి. నాడి, బరువు బాగుంటే మినాక్సిడిల్ డోసు తగ్గించి కొనసాగించేవాణ్ణి. ఫినాస్టరైడ్‌ను మీరు ఇంత భయంతో మింగుతున్నారు కాబట్టి పెళ్లి అయ్యేదాకా పక్కన పెట్టేవాణ్ణి. ఈ డోసులో ఒక్కసారిగా ఆపితే ఒంటికి నష్టం లేదు, మెల్లమెల్లగా తగ్గించాల్సిన పని లేదు. జుట్టు కూడా నాలుగు నెలల్లో పారిపోదు. మాత్ర వల్ల నిలిచిన లాభం పోవడానికి ఏడాది దాకా పడుతుంది, మీరు వేసుకున్నది మూడు వారాలే కాబట్టి పోవడానికి ఇంకా లాభమే రాలేదు. తర్వాత ఎప్పుడైనా తిరిగి మొదలుపెడితే, ముందు రోజే ఒక కాగితం మీద నిద్ర, కోరిక, తెల్లవారుజాము అంగస్తంభన, మనసు, బరువు, నాడి ఎలా ఉన్నాయో రాసి తేదీ వేయండి. ముందెలా ఉండేదో రాసి పెట్టుకోకపోతే, ఇప్పుడు తగ్గిందో లేదో దేనితో పోల్చుకుంటారు?

పిల్లల సంగతి. ఎక్కువమందికి ఈ డోసులో సంతానానికి అడ్డు రాదు. కొందరిలో వీర్యకణాల నాణ్యత తగ్గినట్టు, ఆపాక మెరుగైనట్టు నమోదైంది. వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది, కాబట్టి పిల్లల కోసం ప్రయత్నిస్తూ ఆలస్యమవుతుంటే మూడు నెలలు ఆపి వీర్యపరీక్ష చేయించుకోవడం తెలివైన పని. భర్త వీర్యం ద్వారా భార్యకు చేరే మందు లెక్కలోకి రానంత తక్కువ. అసలు జాగ్రత్త వేరే చోట ఉంది. గర్భిణి ఈ మాత్ర మింగకూడదు, విరిగిన మాత్రనూ దాని పొడినీ ముట్టుకోకూడదు. కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాలు సరిగ్గా ఏర్పడకపోవచ్చు. పైపూత ఉన్న నిండు మాత్రతో ఆ భయం లేదు. చవకని 5 ఎంజీ మాత్ర కొని బ్లేడుతో నాలుగు ముక్కలు కోసుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. ఫినాస్టరైడ్ వేసుకుంటూ రక్తదానం కూడా చేయకూడదు, ఆపి నెల గడవాలి.

ఎవరైనా "ఫినాస్టరైడ్ కంటే డ్యూటాస్టరైడ్ బాగా పనిచేస్తుంది" అని చెబితే, నిజమే, అదీ ఇదే తరహా మందు, డీహెచ్‌టీని 90 శాతానికి పైగా తగ్గిస్తుంది. కానీ ఆ మందు ఒంట్లో సగం తగ్గడానికే దాదాపు ఐదు వారాలు పడుతుంది. అంటే ఇబ్బంది వచ్చాక ఆపినా నెలల తరబడి ఉండిపోయే చుట్టం. దాన్ని వాడేవాళ్లు ఆపాక ఆరు నెలల దాకా రక్తం ఇవ్వకూడదనేది అందుకే. ఫినాస్టరైడ్‌కే నిద్రపోనివాళ్లకు నేను అది రాయను. నెత్తికి రాసుకునే ఫినాస్టరైడ్‌లో రక్తంలోకి వెళ్లేది తక్కువే, సున్నా మాత్రం కాదు. మందుల కంపెనీ తయారీ కాకుండా విడిగా కలిపి అమ్మే అలాంటి ద్రావణాల గురించి 2025లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది కూడా.

డాక్టర్ చీటీలో "జుట్టు విటమిన్" అని బయోటిన్ ఉందా? దానితో ఒంటికి పెద్ద హాని లేదు, లోపం లేనివాళ్లకు పెద్ద ఉపయోగమూ లేదు. కానీ 10 ఎంజీ బయోటిన్ వేసుకుంటూ రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు, గుండెపోటు పట్టుకునే ట్రోపోనిన్ పరీక్షలో అంకె తక్కువగా చూపించవచ్చు. దడ వస్తోందంటున్న మీకు ఆ రెండు పరీక్షలూ రాసే అవకాశం ఉంది, కాబట్టి బయోటిన్ సంగతి ముందే చెప్పండి. ఇలాంటిదే ఇంకోటి, మీకు ఇప్పుడు అవసరం లేదు గానీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఫినాస్టరైడ్ వాడుతుంటే ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం చూసే పీఎస్ఏ రక్తపరీక్ష విలువ సగానికి పడిపోయి కనిపిస్తుంది. ఆ విషయం తెలియని డాక్టర్ "బాగుంది" అని పంపించేస్తారు.

మరిచిపోయిన రెండు రోజుల గురించి. ఏమీ కాదు. ఫినాస్టరైడ్ రక్తంలో ఐదారు గంటల్లోనే సగం తగ్గినా ఎంజైమ్ మీద దాని పట్టు అంతకంటే ఎక్కువ రోజులు ఉంటుంది. మినాక్సిడిల్‌ను మాత్రం మరిచిపోయిన రోజుది కూడా కలిపి రెండు ఒకేసారి వేసుకోకండి. మీరు అలా వేసుకుని ఉంటే, ఆ రోజునే గుండె దడ మొదలైందా అన్నది ఒకసారి గుర్తుచేసుకుని, డాక్టర్‌కి ముందు అదే చెప్పండి.